మరమ్మతు పుస్తకం మన చేతికెందుకు రాదు?

"బండి సంగతి మీకు తెలీదు మేడమ్, మీవారిని పంపండి." కారు నడిపే స్త్రీలకు షెడ్డులో అలవాటైన మాట ఇది. తెలియకపోవడం మన స్వభావమా? కాదు, తెలియనివ్వకపోవడం!

కారుతో కంపెనీ ఇచ్చే పుస్తకం టైరు మార్చడం, ఆయిలు చూడడం చెప్పి, ఆపైన "డీలరును సంప్రదించండి" అంటుంది. ఏ బోల్టు ఎంత బిగించాలో, ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పే వర్క్‌షాప్ మాన్యువల్ మనదాకా రాదు. ఇందులో దాచవలసిన రహస్యమేముంది? ఇంగ్లండులో జాన్ హేన్స్ 1966లోనే అలాంటి పుస్తకం అచ్చువేశాడు. కారును విప్పి, తిరిగి బిగిస్తూ, ప్రతి దశనూ ఫొటోల్లో చూపడం ఆ పుస్తకాల పద్ధతి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2012లో ప్రజలు ఓటువేసి మరమ్మతు సమాచారాన్ని చట్టబద్ధమైన హక్కుగా సాధించుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. పోర్టల్ చట్టం కాదు. కంపెనీలు ఇచ్చినంతే అందులో దొరుకుతుంది.

కారు మోడలుకూ, తయారైన ఏడాదికీ సరిపోయే మాన్యువల్‌ను బొమ్మలతో, తెలుగులో, అమ్మేటప్పుడే ఇవ్వాలని చట్టం కోరదాం. స్త్రీలకు డ్రైవింగ్ నేర్పే మన సంస్థలూ స్టీరింగుతోపాటు పానా చేతికివ్వాలి. బ్రేకు ఎందుకు పట్టడం లేదో తెలిసిన స్త్రీని బిల్లుతో బెదిరించడం ఎవరి తరమూ కాదు.