కొత్త ఊరిలో చెలిమి

విద్యాసంవత్సరం నడుమ ఒక బాలుడు కొత్త పాఠశాలలో అడుగు పెట్టుతాడు. తండ్రికి బదిలీ అయి ఉండవచ్చు. కూలిపనికై కుటుంబమంతా తరలివచ్చి ఉండవచ్చు. వెంట తెచ్చిన బదిలీపత్రంలో అతని పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి ఉంటాయి. విడిచి వచ్చిన మిత్రుల పేర్లు మాత్రం ఏ పత్రంలోనూ ఉండవు. కొత్త తరగతిలో అప్పటికే ఆటకు జట్లు కుదిరినవి. భోజనవేళ ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండేదీ స్థిరపడినది. అతనికి చివరి బల్ల మిగిలినది.

అతడు నోరు విప్పగానే మరొక చిక్కు. ఒకే వేరుశనగ తెలంగాణంలో పల్లీ, కర్నూలు ప్రాంతంలో బుడ్డ, అనంతపురం ప్రాంతంలో చెనిక్కాయ. ఇంట తల్లి నేర్పిన మాట ఇక్కడ నవ్వుల పాలవుతుంది. తోటివారి నవ్వు రెండు దినాలలో మరపునకు రావచ్చు. ఆ నవ్వులో ఉపాధ్యాయుడు కూడ పాలుపంచుకొన్నచో ఆ బాలుడు ఆ ఏడాదంతా మౌనం వహించగలడు. మాట లేనిచోట మైత్రి ఎక్కడిది?

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. అది సత్యమే గాని, భారమంతా వచ్చినవాని నోటిమీదనే మోపుతున్నది. నోటికన్న ముందు చెవి మంచిది కావలెనని నిరూపించిన ఉపాధ్యాయుడు ఒకరు తెలుగువారిలోనే ఉన్నారు. గిడుగు వేంకట రామమూర్తిగారు 1880లో, పదునేడేండ్ల ప్రాయంలో, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరినారు. విజయనగరంలో సహాధ్యాయి అయిన గురజాడ అప్పారావుగారిని విడిచి రావలసివచ్చినది. ఆ పరిసరాల కొండలలో నివసించే సవరలను చూచి, వీరికి తెలుగు రాదని ఆయన పెదవి విరువలేదు. తనకు సవర రాదని గ్రహించినారు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని ఆ భాష అభ్యసించినారు. సొంత సొమ్ముతో సవర పిల్లలకు బడులు నడిపినారు. కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకొని, దానికై వాడిన క్వినైను వలన వినికిడి పోగొట్టుకొన్నారు. పరుల మాట వినుటకై బయలుదేరిన మనిషి చెల్లించిన మూల్యమది. ఆయన సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. గురజాడవారి చెలిమి కూడ దూరం వలన చెడలేదు. వ్యావహారిక భాషోద్యమంలో ఇరువురూ ఒక్కటిగా నిలిచినారు. కొత్త స్నేహం పాత స్నేహానికి ద్రోహం కాదనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

కొత్తగా వచ్చిన విద్యార్థికి ఇందులో ఒక పాఠం కలదు. ప్రతిదానికీ "మా ఊళ్లో అయితేనా" అని పోల్చుట మాని, "దీనిని మీరేమంటారు?" అని అడుగుట మంచిది. తప్పిపోయిన పాఠాల నోటుపుస్తకం అరువడుగుట, గ్రంథాలయానికి దారి అడుగుట చిన్న పనులే. అయినా, సాయం చేసినవాడు సాయం పొందినవానిని అంత త్వరగా మరువడు.

తరగతి వంతు అంతకన్న పెద్దది. పదిమంది ఉన్నచోటికి ఒక్కడు నడచి వచ్చుట కష్టం. పదిమందిలో ఒకడు లేచి ఎదురేగుట సులువు. స్నేహం ఆజ్ఞాపించిన వచ్చేది కాదు. కాని దానికి తావు కల్పించుట ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది. దయగల ఒక విద్యార్థి ప్రక్కన చోటివ్వవచ్చు. ఇద్దరూ కలిసి చేయవలసిన పని ఒకటి అప్పగించవచ్చు. నవ్వు పుట్టించిన ఆ మాటనే నల్లబల్లమీద తమ మాట ప్రక్కన వ్రాసి, రెండూ తెలుగేనని చెప్పవచ్చు. అంతటితో నవ్వు జిజ్ఞాసగా మారుతుంది.

కొందరు పిల్లలు నిలుకడగా ఉండరు. ఒడిశా పశ్చిమ జిల్లాలనుండి తెలంగాణంలోని ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు వానలకు ముందే మరలిపోతాయి. కొద్ది నెలలు ఉండిపోయే పిల్లలకై ఇంత శ్రమ ఎందుకని అడుగవచ్చు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరగా గిడుగువారు కూడ, డెబ్బదిరెండేండ్ల వయసులో, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచినా, ఆయన చేసిన పని సవరలకు మిగిలినది. ఉండే కాలాన్నిబట్టి చెలిమిని కొలువరాదు.

పాఠశాలలలో హాజరు పట్టీ ప్రతిదినం పిలుస్తారు. కొత్తగా చేరిన పేరు పిలిచిన వేళ ఆ బాలుడు ఎవరి ప్రక్కనుండి పలికినాడో కూడ ఉపాధ్యాయుడు గమనించవలె. నెల గడిచినా ఆ పలుకు ఒంటరి బల్లనుండే వచ్చుచున్నచో, ఆ లోపం బాలునిది కాదు.