రెండు చదువులు, ఒక పట్టా



వేసవి వచ్చిందంటే మా రెంటచింతల పేరు రాష్ట్రమంతటా వినబడుతుంది. ఎండ ఎక్కువగా కాచే ఊళ్ల వరుసలో మా ఊరు ఉండనే ఉంటుంది. అయితే ఆ దినాలలో మా ఇళ్లలో ఎండకంటె వేడిగా నడిచే మాట ఇంకొకటున్నది. బి.టెక్. ముగించిన పిల్లలను ఇక ఏమి చదివించాలి? ఒకప్పుడు ఈ ప్రశ్నకు కొందరు కంప్యూటరు చదువని, కొందరు మేనేజ్‌మెంటు చదువని జవాబు చెప్పేవారు. ఇప్పుడు ఆ రెండింటినీ కలిపిన పై చదువు పేరు వినబడుచున్నది. కంప్యూటర్ సిస్టమ్స్ ఇంజనీరింగూ మేనేజ్‌మెంటూ కలిపి ఒకే మాస్టర్స్ పట్టా. ఒక్కొక్క విశ్వవిద్యాలయం దానికి ఒక్కొక్క పేరు పెడుతుంది. ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ అని ఒకరు, ఇన్‌ఫర్మేషన్ సిస్టమ్స్ అని ఇంకొకరు అంటారు.

"ఈ చదువు మంచిదేనా అయ్యగారూ? పొలం అమ్మి పంపవచ్చునా?" అని తల్లిదండ్రులు అడుగుచున్నారు. చదువు మంచిదా అన్నది ఒక ప్రశ్న, పొలం అమ్మవచ్చునా అన్నది మరొక ప్రశ్న. రెండూ కలిపి అడిగినందువలననే చాలా ఇండ్లలో చిక్కు వస్తున్నది. గనుక ఈ నెల ఆ రెండింటినీ విడదీసి చూద్దాము.

మొదట, ఈ రెండు చదువులను ఎందుకు కలిపారు? మన రాష్ట్రంలో ఇవి చాలాకాలంగా ఒకే గుమ్మం ముందు నిలబడియున్నవి. ఎం.సి.ఎ.కు, ఎం.బి.ఎ.కు కలిపి ఐసెట్ అనే ఒకే ప్రవేశపరీక్ష. కాని గుమ్మం దాటగానే దారులు వేరు. ఒకడు యంత్రం ఎలా పనిచేస్తుందో నేర్చుకుంటాడు. ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్కు, డేటాబేసు అతని పాఠాలు. ఇంకొకడు మనుషులూ డబ్బూ కలిసి ఎలా పనిచేస్తాయో నేర్చుకుంటాడు. జమాఖర్చులు, మార్కెటింగు, పని ఏ వారానికి ఎంత కావాలో ముందుగా వేసుకునే లెక్క అతని పాఠాలు. ఉద్యోగంలో చేరిన తరువాత వీరిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వస్తుంది. అప్పుడు ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. ఆ ఇద్దరి మాటలూ తెలిసిన మనిషి కావాలనే ఈ చదువు పుట్టింది.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్పుతాము. పొలం కొన్నవారు, అమ్మినవారు ఇ.సి. కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లే ఉంటారు. పాతరోజులలో ఆ కాగితం కోసం గుమాస్తా పెద్ద పెద్ద పుస్తకాలు దింపి, ఏండ్ల తరబడి నమోదులు ఒక్కొక్కటి వెదకి, చేతితో వ్రాసి ఇచ్చేవాడు. దానికి రోజులు పట్టేవి. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'కార్డ్' అనే పథకాన్ని ప్రారంభించి రిజిస్ట్రేషన్ ఆఫీసులలో కంప్యూటర్లు పెట్టింది. రోజుల పని నిమిషాలలోకి వచ్చింది. అది కేవలం కంప్యూటరు చేసిన పని కాదు. పాత నమోదులను ముందుగా యంత్రంలోకి ఎక్కించాలి. పుస్తకానికి అలవాటుపడిన ఉద్యోగికి కొత్త పని నేర్పాలి. ఏ కాగితం ఏ బల్లమీదికి పోవాలో తిరిగి ఏర్పాటు చేయాలి. కరెంటు పోతే ఏమి చేయాలో ముందే అనుకోవాలి. యంత్రం తెచ్చి పెట్టి ఊరుకున్నట్లయితే అది గుడ్డ కప్పుకొని మూలన కూర్చుండేది. యంత్రమూ పని ఏర్పాటూ కలిసినందువలననే అది జరిగింది. ఈ చదువు నేర్పవలసినది సరిగా ఆ సంగతే.

గనుక చదువు మంచిదా అంటే మంచిదే. అయితే ఎవరికి, ఎప్పుడు?

మన తెలుగువారిలో పేరుపొందిన ఇద్దరి సంగతి చూడండి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, 1990లో అమెరికాలోని విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. ముగించారు. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే వారాంతాలలో షికాగోకు విమానంలో వెళ్లి తరగతులకు కూర్చుండి, 1997లో ఎం.బి.ఎ. పొందారు. 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీకి సి.ఇ.ఓ. అయ్యారు. ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్ కూడ అదే వరుసలో వెళ్లారు. మొదట ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌లో ఎం.ఎస్., తరువాత 1993లో బర్కిలీలో ఎం.బి.ఎ. 2007లో ఆయన అడోబీకి సి.ఇ.ఓ. అయ్యారు. ఇద్దరికీ రెండు చదువులూ ఉన్నవి. కాని ఇంజనీరింగు ముందు గట్టిపడింది. మేనేజ్‌మెంటు దాని మీద వచ్చింది.

రెండింటినీ ఒకే పట్టాగా ఇచ్చే మంచి కోర్సులు కూడ ఈ క్రమాన్నే పాటిస్తవి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇంజనీరింగ్ విభాగమూ మేనేజ్‌మెంట్ విభాగమూ కలిసి 1990ల నడిమి కాలం నుండి అటువంటి కోర్సు నడుపుచున్నవి. కొన్నేండ్లు పనిచేసినవారిని దృష్టిలో ఉంచుకొని దానిని ఏర్పాటు చేశారు. పనిలో తగిలిన ఇబ్బంది మనసులో ఉన్నవానికి మేనేజ్‌మెంటు పాఠం వినగానే ఎక్కుతుంది. నిన్ననే కాలేజీ విడిచిన కుర్రవానికి అదే పాఠం పరీక్షకు వ్రాసే నాలుగు పేజీలుగా మిగిలిపోవచ్చును.

మన పిల్లలలో కొందరు ఈ చదువును ఎందుకు ఎన్నుకుంటున్నారో కూడ దాచకుండా మాట్లాడుకుందాము. ప్రోగ్రాము వ్రాయడం కష్టమనిపించి, "మేనేజ్‌మెంటు కలిసినదైతే సులువుగా ఉంటుంది" అనుకొనేవారున్నారు. ఇది ఎద్దు బలహీనమైనదని తెలిసి దానికి ఇంకొక బండి కట్టినట్లుంటుంది. సగం కంప్యూటరు, సగం మేనేజ్‌మెంటు తెలిసినవానిని కంపెనీవారు రెండు విధాల అడుగుతారు. ప్రోగ్రాము వ్రాయమంటారు, మనుషులను నడిపిన అనుభవం చెప్పమంటారు. రెండింటికీ తల వంచుకోవలసి వస్తే ఆ పట్టా గోడకు తప్ప దేనికీ అక్కరకు రాదు.

దీనిని ఖర్చు లేకుండ పరీక్షించుకొనే మార్గమున్నది. ఐ.ఐ.టి.లు, ఐ.ఐ.ఎస్‌సి. కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు కంప్యూటరులోను, మేనేజ్‌మెంటులోను ఉచితంగా దొరుకుతవి. పరీక్ష వ్రాయదలచినవారే రుసుము కట్టాలి. మీ అబ్బాయినో అమ్మాయినో ఇంటి దగ్గరే కూర్చుండి చెరొకటి పూర్తి చేయమనండి. పన్నెండు వారాల పాఠం ముగించలేనివారు అప్పు తెచ్చి రెండేండ్ల చదువుకు బయలుదేరడం మంచిది కాదు. ముగించినవారికి తమకు ఏ సగం ఇష్టమో తెలిసిపోతుంది. గేట్ పరీక్షలో అర్హత పొంది ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఇచ్చే ఏర్పాటు కూడ మన దేశంలో ఉన్నది. కొన్నేండ్ల ఉద్యోగం తరువాత మేనేజ్‌మెంటు చదవడానికి ఆ దారి అడ్డు కాదు.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాము. పొలం సంగతి.

విదేశీ చదువుకు 40 లక్షల రూపాయలు బ్యాంకులో అప్పు తీసుకున్నారనుకుందాము. వడ్డీ 11 శాతం, తీర్చే గడువు పదేండ్లు. నెల కిస్తీ సుమారు 55,100 రూపాయలు. పదేండ్లకు కట్టేది 66 లక్షల పైమాట. చదువుతున్న కాలంలో కిస్తీ ఆగుతుంది గాని వడ్డీ ఆగదు. మొత్తం సొమ్ము తీసుకున్న తరువాత ఏడాదికి 4 లక్షల 40 వేలు వడ్డీ పెరుగుతూ ఉంటుంది. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ఆస్తి హామీ కావాలి. ఇక్కడే మన పల్నాటి రైతుకు చిక్కు. చాలా బ్యాంకులు ఇల్లు, ఇంటి స్థలం, డిపాజిట్లు హామీగా తీసుకుంటవి గాని సాగుభూమిని ఒప్పుకోవు. అప్పుడు పొలం అమ్మడమో, బయట వడ్డీకి తేవడమో జరుగుతుంది. రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెస్తే నెలకు ఇరవై వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు వడ్డీకే పోవాలి. మిర్చి ధర పడిపోయిన ఏడాది ఆ వడ్డీ ఎక్కడనుండి వస్తుందో ఇంటిల్లిపాది ముందే కూర్చుండి లెక్క వేయాలి. మన దేశంలోని ఎంపిక చేసిన విద్యాసంస్థలలో సీటు వచ్చినవారికి 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం క్రింద హామీ లేకుండ అప్పు దొరికే వీలున్నది. విదేశీ చదువుకు అది వర్తించదు.

ఉద్యోగం వస్తుందిలే అని లెక్క తేలికగా వేయకండి. అమెరికాలో చదువు ముగించినవారు పన్నెండు నెలలు పనిచేయవచ్చును. సైన్సు, ఇంజనీరింగు వర్గంలో చేర్చిన చదువులకు మరి 24 నెలలు కలుస్తవి. అయితే ఇటువంటి రెండు కలిసిన పట్టాను ఒక విశ్వవిద్యాలయం ఇంజనీరింగు వర్గంలో, మరొకటి వ్యాపార వర్గంలో నమోదు చేయవచ్చును. కోర్సు పేరులో కంప్యూటరు అనే మాట ఉన్నది చాలదు. ఏ వర్గమో చేరకముందే విశ్వవిద్యాలయాన్ని వ్రాతపూర్వకంగా అడగాలి. నియమాలు కూడ మారుచుండును. 2025 సెప్టెంబరులో హెచ్-1బి కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎన్ని ఇండ్లలో నిద్ర పట్టలేదో మీకు తెలియనిది కాదు.

కాలేజీ ఎటువంటిదో తెలుసుకోవడం అన్నిటికంటె ముఖ్యం. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద 2011 జనవరిలో అధికారులు దాడి చేశారు. అక్కడ పేరు నమోదైన 1,500 మందికి పైగా విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలోను ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. దాని యజమానురాలికి 2014లో పదహారున్నర ఏండ్ల జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. దొంగ ప్రవేశాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే డెట్రాయిట్ దగ్గర పెట్టిన ఉత్తుత్తి కాలేజీ అది. అప్పుడు 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. పలువురు తెలుగు బిడ్డలే. తరగతులు లేని కాలేజీ, "చేరితే చాలు, పని చేసుకోవచ్చు" అనే కాలేజీ ఎంత పెద్ద పేరు పెట్టుకున్నా దాని గడప తొక్కవద్దు.

ఇంకొక మాట. వీసా కోసం బ్యాంకులో డబ్బు చూపించాలి. లేని డబ్బును కొన్నాళ్లపాటు ఉన్నట్లు చూపిస్తామని కమీషనుకు ముందుకు వచ్చేవారున్నారు. "అందరూ చేసేదే" అంటారు. సత్యం కంప్యూటర్స్‌ను మరువకండి. 1987లో హైదరాబాదులో మొదలై మన కంప్యూటరు చదువులకు గర్వకారణమైన కంపెనీ అది. దాని అధిపతి రామలింగరాజు అమెరికాలో ఎం.బి.ఎ. చదివినవారే. 2009 జనవరి 7న ఆయన వ్రాసిన ఉత్తరంలో బయటపడినది ఏమిటి? పుస్తకాలలో చూపిన బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. 2015లో కోర్టు శిక్ష వేసింది. మేనేజ్‌మెంటు చదువుకు పోయే బిడ్డకు మనము నేర్పే మొదటి పాఠం లేని నిలువను ఉన్నట్లు చూపడమే అయితే, తరువాత ఏ విశ్వవిద్యాలయం దానిని దిద్దగలదు?

గనుక తల్లిదండ్రులారా, ఏజెంటు గదిలో కాక మీ ఇంటి అరుగుమీద కూర్చుండి బిడ్డను కొన్ని సంగతులు అడగండి. ఏ ఏ పాఠాలు చెప్పుతారో పూర్తి పట్టిక చూపించగలవా? అందులో కంప్యూటరు పాఠాలు ఎన్ని, మేనేజ్‌మెంటు పాఠాలు ఎన్ని? ఈ పట్టా లేకుండ నీకు ఇప్పుడు ఏ పని చేతనవును? రెండేండ్లు ఉద్యోగం చేసి తరువాత వెళితే ఏమి పోతుంది? ఉద్యోగం ఆలస్యమైతే కిస్తీ ఎవరు కట్టాలి? అమ్మాయినైతే ఈ ప్రశ్నలతోపాటు పెండ్లి ప్రశ్న కలపకండి. ఆమె చదువును ఆమె చదువుగానే తూచండి.

పిల్లలారా, మీతోను ఒక మాట. నాన్నగారు పొలం పత్రాలు పెట్టెలోనుండి తీసేటప్పుడు మీకు ఏమీ చెప్పకపోవచ్చు. మీరే అడగండి. ఎంత తెస్తున్నారు, ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అని. ఆ లెక్క తెలిసి కూడ వెళ్లాలనిపిస్తే, మొదటి చదువు నిజంగా వంటబట్టియుంటే, ధైర్యంగా వెళ్లండి. తెలిసిన తరువాత వద్దనిపిస్తే ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడకండి. ఒక ఏడాది ఆగినంత మాత్రాన ఎవరి బ్రతుకూ ఆగిపోదు.

ఈ సంగతిలో మీ ఇంటి అనుభవము వ్రాసి పంపిన యెడల ఇతర కుటుంబములకు మేలు కలుగును. మీ బిడ్డల విషయమై మా ప్రార్థనలు మీకు తోడుగా ఉన్నవి.