ముందు అందరూ చూడాలి, వెల తర్వాత కట్టాలి

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం, ఉండి, మురమళ్ల వైపు వెళ్లినవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. చట్టం కాదన్నా, 2016లో హైకోర్టు వద్దన్నా కోడిపందేల బరుల చుట్టూ షామియానాలు, గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు వెలుస్తూనే ఉన్నాయి. ఆ హింసనూ, ఆ జూదాన్నీ సమర్థించడం నా ఉద్దేశం కాదు. అయితే ఒక సంగతి మాత్రం అక్కడ రుజువవుతోంది. పోరు చూడ్డానికి దూరాభారం లెక్కచేయకుండా వచ్చే జనం, డబ్బు తీసే జనం గోదావరి జిల్లాల్లో ఉన్నారు. అయినా రాజమండ్రి కుర్రాడో కాకినాడ అమ్మాయో బాక్సింగ్ గ్లౌజులు తొడుక్కుని దాని మీదే బతకగల పరిస్థితి లేదు. మనవాళ్లకు క్రికెట్ తప్ప ఏ ఆటా ఎక్కదని తీర్పు చెప్పేస్తున్నాం. ఆ తీర్పు తప్పు. ఆట సంపాదన దాన్ని జనం ఇళ్లకు చేర్చిన తీరును బట్టి ఉంటుంది. బాక్సింగ్ విషయంలో ఇది దేశదేశాల్లో తేలిన నిజం.

2015 మే 2న లాస్ వెగాస్‌లో బాక్సర్లు మేవెదర్, పాకియావ్ తలపడ్డారు. ఆ ఒక్క బౌటును టీవీలో చూడ్డానికి విడిగా డబ్బు కట్టే పే పర్ వ్యూ పద్ధతిలో ఒక్క అమెరికాలోనే దాదాపు 46 లక్షల కొనుగోళ్లు జరిగాయి. హెచ్‌డీలో చూడాలంటే ఇంటికి వంద డాలర్లు, ఆనాటి లెక్కన ఆరు వేల రూపాయల పైమాటే. ఈ పే పర్ వ్యూ రాబడి 40 కోట్ల డాలర్లు దాటింది. అయితే అంత వెల పెట్టే అలవాటు ఒక్కరోజులో రాలేదు. 1940, 50 దశకాల్లో జిల్లెట్ కంపెనీ ప్రకటనల ఖర్చుతో ఎన్‌బీసీ శుక్రవారం రాత్రుళ్లు బౌట్లను ఉచితంగా చూపించింది. ఆ ఇళ్లలో పెరిగినవారి అభిమానమే తర్వాతి తరాలకు సంక్రమించింది. పెద్ద బౌట్లన్నీ డబ్బు కట్టినవారికే పరిమితమయ్యాక కొత్త ప్రేక్షకులు తగ్గారు. నలభై అయిదేళ్లు బాక్సింగ్ చూపించిన హెచ్‌బీఓ 2018లో, షోటైమ్ 2023లో ఆ ఆటకు సెలవు చెప్పాయి.

బ్రిటన్ కథ ఇంకా స్పష్టం. ఆంథోనీ జాషువా 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలవడాన్ని ఆ దేశం బీబీసీలో ఉచితంగా చూసింది. అయిదేళ్లు తిరక్కుండా, 2017 ఏప్రిల్ 29న, అదే జాషువా క్లిచ్కోతో తలపడితే వెంబ్లీ స్టేడియంలో 90 వేల మంది కూర్చున్నారు. ఇళ్లలో ఉన్నవారు విడిగా డబ్బు కట్టి చూశారు. ముందు పరిచయం, తర్వాత అమ్మకం.

మెక్సికోలో శనివారం రాత్రి బాక్సింగ్ ఉచిత చానళ్ల సొత్తు. 1993 ఫిబ్రవరిలో హూలియో సీజర్ చావెజ్ బౌటుకు అజ్టెకా స్టేడియంలో 1,32,274 మంది చేరడం వెనక ఆ అలవాటే ఉంది. కనెలో అల్వారెజ్ బౌట్లను అమెరికావాళ్లు డబ్బు కట్టి చూస్తుంటే, ఆయన సొంత దేశం టీవీ అజ్టెకాలో ఉచితంగా చూసింది. ఈ మధ్య సౌదీ ఖజానా, నెట్‌ఫ్లిక్స్ చందాలు రంగంలోకి దిగాయి. అవి ఇప్పటికే పేరున్నవారికి పెద్ద మొత్తాలు ఇస్తాయి గానీ, పేరు లేని ఊళ్లో కొత్త బాక్సర్‌ను తయారు చేయవు.

మరి మన దగ్గర? మన నమూనా ప్రభుత్వ బహుమానం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ విశాఖలోని సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ ఐ. వెంకటేశ్వరరావు దగ్గర రాటుదేలింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, తర్వాత డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఇవన్నీ ఆమెకు దక్కవలసినవే. కానీ బహుమానం పతకం తర్వాత వస్తుంది. పతకానికి ముందరి పదేళ్లు కుటుంబమే మోయాలి. మోయలేని ఇళ్ల పిల్లలు మధ్యలోనే గ్లౌజులు పక్కన పెట్టేస్తున్నారు.

దీనికి మార్గం మనకు తెలియనిది కాదు. పల్లెటూరి కూత ఆటగా చిన్నచూపు చూసిన కబడ్డీ 2014లో ప్రొ కబడ్డీ లీగ్‌గా రాత్రివేళ టీవీలోకి వచ్చింది. తొలి వేలంలో అత్యధిక ధర 12.80 లక్షలు. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటన్స్ 2.60 కోట్లకు పైగా పెట్టి కొంది. ఆట మారలేదు. ప్రసార సంస్థ లీగ్‌లో తానే వాటాదారు అయింది, కెమెరాలు పెంచింది, తెలుగులోనూ వ్యాఖ్యానం చెప్పించింది, 2020 మినహా ఏటా నడిపింది. అదే 2019 డిసెంబరులో ఆరు జట్లతో మొదలైన బిగ్ బౌట్ బాక్సింగ్ లీగ్ ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. అలవాటు పడే వ్యవధి ప్రేక్షకుడికి దక్కలేదు.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 అక్టోబరులో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ప్రతిభ కోనసీమలో ఉంది; తేడా ఆటను నడిపే తీరులోనే ఉంది. బ్యాడ్మింటన్‌కు ఒకే ప్రపంచ సమాఖ్య, ఏడాది పొడవునా టోర్నీలు, ముందే ప్రకటించిన ప్రైజ్‌మనీ ఉన్నాయి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో నాలుగు సంస్థలు నాలుగు టైటిళ్లు ఇస్తాయి. అమెచ్యూర్ సంస్థ ఐబీఏకు 2023లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) గుర్తింపు రద్దు చేసింది. ఎవరు చాంపియనో తెలియని ఆటకు ప్రేక్షకుడు ఎలా కట్టుబడతాడు?

కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో పని ఇలా మొదలవ్వాలి. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్), బాక్సింగ్ సంఘం కలిసి రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, విశాఖ తిరిగే చిన్న లీగ్ పెట్టాలి. దూరదర్శన్ సప్తగిరి దాన్ని వారం వారం ఒకే వేళకు, తెలుగు వ్యాఖ్యానంతో ఉచితంగా చూపాలి. కనీసం మూడేళ్లు ఆపకూడదు. అమెరికాలో 1950లలో టీవీ బౌట్లు పెరిగేసరికి ఊళ్లలోని చిన్న క్లబ్బులు ఖాళీ అయ్యాయి. మనం ఆ పొరపాటు చేయకూడదు. హాలు టికెట్టు పది మందికీ అందేలా ఉంచి, అందులో బాక్సర్‌కు దక్కే వాటా ముందే కాగితం మీద రాయాలి. ప్రమోటర్ రాబడి లెక్కలు బాక్సర్‌కు చూపాలని అమెరికా 2000లో మహమ్మద్ అలీ పేరిట చట్టమే చేసింది.

ప్రాణం మాటకొస్తే రాజీ లేదు. 2025 ఆగస్టు 2న టోక్యో కొరాకుయెన్ హాలులో ఒకే కార్యక్రమంలో ఆడిన ఇద్దరు బాక్సర్లు మెదడు గాయాలతో ఆ తర్వాతి రోజుల్లో చనిపోయారు. దశాబ్దాల అనుభవమున్న జపాన్‌లోనే అలా జరిగింది. రింగు పక్కన వైద్యుడు, అంబులెన్సు, తలకు స్కానింగ్, బీమా లేకుండా ఒక్క బౌటు కూడా జరగనివ్వకూడదు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందని 2025 మార్చిలో ఐఓసీ తేల్చింది. పతకం తెచ్చినవారికి కోట్లు ప్రకటించడానికి ప్రభుత్వాలు ఎలాగూ సిద్ధంగా ఉంటాయి. ఆ కోట్లలో చిన్న భాగం ఇప్పుడే లీగ్‌కూ, ప్రసారానికీ ఖర్చు పెట్టమని శాప్‌నూ, ప్రసార భారతినీ కోరుతున్నాను. మన పిల్లల ఆటను మన ఇళ్లలోకి చేర్చండి. ఆదరించే బాధ్యత జనం తీసుకుంటారు.