ఫలజ్ నీళ్ళు, పిల్లల లెక్కలు



"నీళ్ళు వృథా చెయ్యకు" అని రోజుకి పదిసార్లు చెప్తాం. పిల్లలు తలూపుతారు, కుళాయి మాత్రం కట్టరు. వాళ్ళ తప్పేముందండీ? తిప్పితే నీళ్ళొస్తున్నాయి, ఇంక కొరత ఎక్కడుందని నమ్ముతారు? అందుకే ఈసారి నీతులు మానేసి, ఒక చిక్కు వాళ్ళ చేతికిద్దాం. బడుల్లో దీన్నే సమస్య ఆధారిత బోధన అంటారు. జవాబు మనం చెప్పకూడదు. తెలిసిందేమిటి, తెలుసుకోవాల్సిందేమిటి అని వాళ్ళనే కాగితం మీద రాసుకోమనాలి.

మొదటి చిక్కు: మస్కట్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 100 మిల్లీమీటర్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద చుక్క పోకుండా పట్టినా 10,000 లీటర్లే. మనిషికి రోజుకి 150 లీటర్లు వాడే నలుగురి ఇంటికి అవి ఎన్నాళ్ళొస్తాయి? భాగించమనండి. పదిహేడు రోజులు కూడా నిండవు! మరి మిగతా ఏడాదంతా ఏం తాగుతున్నాం? ఈ ప్రశ్న వాళ్ళ నోటి నుంచే వస్తుంది. అప్పుడు బర్కా, సోహార్‌లలో సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంట్ల సంగతి చెప్పండి. 2007 జూన్‌లో గోను తుఫానుకి ప్లాంట్లు ఆగిపోయి, మస్కట్‌లో ఎన్నో ఇళ్ళకి రోజుల తరబడి నీళ్ళు రాలేదని కూడా చెప్పండి.

రెండో చిక్కు: ఐదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి పది గ్లాసుల నీళ్ళు పంచుకోమనండి. ఒకరు ఖర్జూరం తోట రైతు, ఒకరు పెద్ద కుటుంబం అమ్మ, ఒకరు మేకలు కాసేవాడు, అలా. తర్వాత ఐదు గ్లాసులు తీసెయ్యండి. ఇప్పుడెవరు తగ్గించుకోవాలి? కాసేపు పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనివ్వండి.

ఆ తర్వాత నిజ్వా తీసుకెళ్ళి ఫలజ్ దారిస్ చూపించండి. 2006లో యునెస్కో గుర్తించిన ఐదు ఫలజ్ కాలువల్లో అదొకటి. ఆ కాలువల్లో ముందు తాగడానికి, తర్వాతే పొలాలకి. పొలాల వాటా లీటర్లలో కాదు, సమయంలో. పగలు నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి వంతు లెక్కపెట్టేవాళ్ళు. నీళ్ళు సగమైతే అందరి వాటా సగమవుతుంది, ఒక్కరే ఎండిపోరు. పిల్లలు తేల్చినదానికీ దీనికీ పోలిక వాళ్ళే చూసుకుంటారు.

మనకీ ఇలాంటి ఏర్పాటు ఉండేది. రాయలసీమలో నీరుగంటి, తెలంగాణలో నీరటి చెరువు నీళ్ళు వంతులవారీగా వదిలేవాడు. వీడియో కాల్‌లో తాతయ్యని అడగమనండి. ఊళ్ళో పెద్దలూ, ఆ రోజు ఫోన్ కాస్త తీరిగ్గా ఎత్తండి.

చివరి పని ఇంట్లోనే. స్నానం, గిన్నెలు, వాషింగ్ మెషీన్, దేనికెన్ని బకెట్లో పిల్లలే కొలవాలి. ఎక్కడ తగ్గించాలో కూడా వాళ్ళే తేల్చాలి. మన వాడకం మీద కూడా వేలు పెట్టి చూపిస్తారు. కోప్పడకండి, ఒప్పుకోండి. వాళ్ళ లెక్కలు గ్రూప్‌లో పెట్టండి, చూద్దాం.