ఇంటి వెలుపలి ప్లగ్గు

ఇల్లు కట్టుకొను రైతు ద్వారబంధము ఎటు ఉండవలెనో, పొయ్యి ఏ మూల ఉండవలెనో పదిమందిని అడిగి నిర్ణయించుకొనును. ప్లగ్గులు ఎక్కడ ఉండవలెనను సంగతి మాత్రము వైరింగు పనివానికే వదలివేయును. అతడు గదికొకటి చొప్పున లోపల బిగించి పోవును. కాని రైతు కుటుంబము కరెంటుతో చేసికొను పనులలో సగము ఇంటి వెలుపలనే జరుగుచున్నవి. మేత కత్తిరించు యంత్రము పశువుల పాక వద్ద, నీళ్ళు తోడు చిన్న మోటారు తొట్టి వద్ద, ధాన్యము తూర్పారబట్టు ఫ్యాను కల్లములో, మందు చల్లు బ్యాటరీ స్ప్రేయరుకు చార్జింగు అరుగు మీద. ఇంట పెండ్లి వచ్చినచో పందిరి నిండ దీపములే. ఇన్ని పనులకు వెలుపల ఒక్క ప్లగ్గయినను ఉండదు.

అందుచేత కిటికీ గుండ తీగ లాగుదురు. తీగ చివర ప్లగ్గు లేనిచో కొనలు ఒలిచి, సాకెట్టు రంధ్రములలో దోపి, అగ్గిపుల్లలతో బిగింతురు. (అగ్గిపుల్లకు ఇట్టి ఉద్యోగము కూడ దొరకునని దానిని తయారుచేసినవారు తలచి ఉండరు.) ఆ తీగ కిటికీ రెక్కల నడుమ నలిగి, రేకుల చూరు అంచున ఒరసికొని, దండెమును తాకుచు పోవును. వానకాలములో ఒకనాడు పైతొడుగు చిట్లును. రేకు ఇనుపది, దండెము ఇనుప తీగ. రెండింటను కరెంటు వచ్చును. తడిబట్ట ఆరవేయబోయిన ఇల్లాలు దానికి అతుక్కొనిపోవును. విడిపింపబోయిన భర్తకును అదే గతి పట్టును. తొలకరి మొదలు ఇట్టి వార్త పత్రికలలో కనబడుచునే ఉన్నది. చదివి, అయ్యో అనుకొని, మన దండెము ఏ రేకుకు కట్టి ఉన్నదో చూచుకొనకుండనే పక్కన పెట్టుచున్నాము.

బయటకు తీగలు లాగవద్దని చెప్పుట సులభము. కాని పాడిపశువు మేత మేయక మానదు, ధాన్యము తూర్పారబట్టక తీరదు. పని ఆగనపుడు తీగయు ఆగదు. కనుక వద్దనుట కాదు, సరియైన ప్లగ్గు పెట్టించుటయే దారి అని నా అభిప్రాయము.

అమెరికా వారి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఈ దారినే పట్టినది. విడిగా కట్టిన ప్రతి ఇంటికిని ముందువైపు ఒకటి, వెనుకవైపు ఒకటి వెలుపలి ప్లగ్గు ఉండియే తీరవలెనని, అవి నేల నుండి ఆరున్నర అడుగులకు మించని ఎత్తున ఉండవలెనని అందు కలదు. ప్లగ్గు దోపి ఉన్నపుడు కూడ మూసి ఉండు మూత వాటికి అవసరము. 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ విద్యుత్తు లీకును పసిగట్టి సరఫరాను తెంచు పరికరమును రూపొందించెను. 1973 జనవరి నుండి ఇండ్ల వెలుపలి ప్లగ్గులకు అట్టి రక్షణ అక్కడ తప్పనిసరి అయినది. అక్కడి ఇండ్లలో ప్లగ్గు వద్ద 120 వోల్టులే. మనకు 230. జాగ్రత్త ఎవరికి ఎక్కువ కావలెనో చెప్పనక్కరలేదు.

మనకు నియమములు లేవనుట సరికాదు. జాతీయ విద్యుత్ నియమావళి 1985లోనే వెలువడినది. అందు వ్యవసాయ కట్టడములకు ప్రత్యేక భాగమే కలదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనలలో ఇండ్లకు పెట్టు లీకు రక్షణ పరికరము 30 మిల్లీ ఆంపియర్లకు మించకుండ తెంచవలెనని ఉన్నది. కాని చిన్న లోడు కనెక్షన్లకు ఈ నిబంధన నుండి మినహాయింపు ఇచ్చిరి. లోటు ఇక్కడనే ఉన్నది. రెండు దీపములు, ఒక ఫ్యాను గల పేద రైతు ఇంటనే కిటికీ గుండ తీగ పోవుచుండును, రేకుల చూరు ఉండును. ఎక్కువ అవసరమైనవానిని వదలి ఏ.సి. గల మేడకు రక్షణ కల్పించుట ఏమి న్యాయము? ఈ మినహాయింపు తొలగవలెను. కొత్త కనెక్షనుతో మీటరు వచ్చినట్లే ఈ పరికరమును రావలెను.

ఎర్తు ఉన్నది గదా, ఇది ఎందుకని కొందరు అడుగుదురు. లెక్క చూడుడు. రెండున్నర మీటర్ల జి.ఐ. పైపును బొగ్గు, ఉప్పు వేసి పాతినను, ఎండాకాలములో నేల ఎండి ఎర్తు నిరోధము 40 ఓములకు పెరిగినదనుకొందము. 230 వోల్టులకు పారునది ఆరు ఆంపియర్లలోపే. 16 ఆంపియర్ల ఫ్యూజు దానికి చలింపదు. మోటారు తొడుగు మీద కరెంటు అట్లే నిలిచి ఉండును. మనిషి ప్రాణము తీయుటకు అంత అక్కరలేదు. 15 వాట్ల బల్బు తీసికొను 65 మిల్లీ ఆంపియర్లు గుండె మీదుగ ఒకటి రెండు క్షణములు పారినను ప్రాణాపాయమే. పశువు సంగతి మరియు సున్నితము. తడినేల మీద నాలుగు కాళ్ళతో నిలుచు గేదెకు ముందు కాళ్ళ నుండి వెనుక కాళ్ళకు కరెంటు గుండె మీదుగనే పోవును. మనిషికి ఝల్లుమని ఊరుకొను షాకు దానిని పడగొట్టును.

లీకు రక్షణ పరికరము, అనగా పనివారు ఆర్.సి.సి.బి. అనునది, ఫేజు తీగలో పోయిన కరెంటును న్యూట్రలులో తిరిగి వచ్చినదానితో సరిచూచును. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరులోపే, రెప్పపాటులో సరఫరాను తెంచును. దాని ఖరీదు సాధారణముగా రెండు బస్తాల డి.ఏ.పి. ధరను దాటదు. అయితే ఇది సర్వరక్షకము కాదు. ఒక చేత ఫేజును, మరొక చేత న్యూట్రలును పట్టుకొన్నవానిని ఇది గుర్తింపలేదు. అధిక లోడుకు ఎం.సి.బి. వేరుగ ఉండవలెను. పొలములోని పంపుసెట్టుకు ఇంటి పరికరము పనికిరాదు.

ఇంకొక మాట. పెట్టించిన కొన్నాళ్ళకు మాటిమాటికి పడిపోవుచున్నదని, దానిని తప్పించి తీగలు నేరుగ కలిపించుకొన్నవారు ఉన్నారు. పడిపోవుచున్నదనగా సాధారణముగా ఎక్కడనో లీకు ఉన్నదనియే అర్థము. లేదా ఎవరో న్యూట్రలును ఎర్తుకు కలిపి పని గడుపుకొన్నారనియైనను కావచ్చును. తడిసిన మోటారును, చిట్లిన తీగను వెదకక పరికరమునే తీసివేయు పనివానికి కూలి ఇవ్వకుడు.

వెలుపలి ప్లగ్గును వాన జల్లు కొట్టని గోడకు, మూత గల పెట్టెలో, మూడు రంధ్రముల సాకెట్టుతో పెట్టించుడు. పాక వద్దనైనచో పశువు మూతికిని, కొమ్ముకును అందని చోట ఉండవలెను. దండెమునకు ఇనుప తీగ మాని నైలాను తాడు కట్టుడు. పరికరము మీద టెస్టు అను చిన్న బటను ఉండును. నెలకొకసారి దానిని నొక్కి చూడుడు. నొక్కినపుడు కరెంటు పోనిచో ఆ పరికరమును ఆ రోజే మార్పించుడు.