యంత్రాల ముచ్చట్లు: పడవ మీటరు ఎందుకు పలకదు?

పిల్లలూ, ఒకసారి పటం తీసి రాజోలు ఎక్కడున్నదో చూడండి. ఒక పక్క వసిష్ఠ గోదావరి, మరొక పక్క వైనతేయ, దిగువన సముద్రం. మధ్య భూమి మీద ఎటు నడిచినా ఏదో ఒక కాలవ ఎదురవుతుంది. అందుకని పడవ సంగతి అక్కడి పిల్లలకు కొత్తగా చెప్పనక్కరలేదు. పూర్వం గెడ వేసి, తెడ్డు వేసి, గాలి ఉంటే చాప ఎత్తి పడవలు నడిపేవారు. ఇప్పుడు అంతర్వేది పల్లిపాలెం వంటి చోట్ల ఫైబరు పడవల వెనక అంచున ఒక మోటారు వేలాడుతూ కనిపిస్తుంది. పడవకు వెలుపల ఉంటుంది గనక దాన్ని అవుట్‌బోర్డు మోటారు అంటారు.

ఈ మోటారును అందరికీ అందుబాటులోకి తెచ్చినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. ఒక ఎండాకాలం ఐస్‌క్రీము కొని సరస్సు మీద తెడ్డు వేసుకుంటూ వస్తుంటే, అవతలి ఒడ్డు చేరేలోపల అది కాస్తా కరిగిపోయిందట. ఆ చిరాకులోనే మోటారు ఆలోచన పుట్టిందని కథ చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, 1909 నుంచి అతని మోటార్లు అమ్మకానికి వచ్చిన మాట నిజం.

చేపల పడవలకు పెట్టే చిన్న మోటార్లకు సామాన్యంగా మీటర్లు ఉండవు. చెవితో విని, చేత్తో తాకి సరంగులు దాని ఆరోగ్యం చెప్పేస్తారు. పెద్ద మోటార్లకు మటుకు ఎదురుగా ఒక గాజు పలక ఉంటుంది. ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతున్నది, ఎంత వేడెక్కింది, నూనె ఎంత ఉన్నది, బ్యాటరీ ఎలా ఉన్నది - అన్నీ దానిమీద అంకెలుగా పడతాయి.

ఇది సోకు కోసం పెట్టింది కాదు. ఈ మోటారు తనను తాను చల్లబరుచుకునేది ఏటి నీళ్ళతోనే. లోపల రబ్బరు రెక్కల పంపు ఒకటి నీళ్ళు పీల్చి ఇంజను చుట్టూ తిప్పి బయటికి వదులుతుంది. కాలవలో గుర్రపుడెక్క ఎంత దట్టంగా పెరుగుతుందో మీకు తెలుసు. ఒక్క వేరు ఆ దారికి అడ్డం పడిందా, నీళ్ళు రావు. కొద్ది నిమిషాల్లో ఇంజను మాడిపోతుంది. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు మించి నీరు సముద్రానికి పోయింది. కోనసీమ లంక గ్రామాలు మునిగిపోతే జనాన్ని ఒడ్డుకు చేర్చటానికి పడవలే దిక్కయినాయి. అటువంటి ప్రవాహం మధ్య ఇంజను ఆగితే పడవ ఏ దిక్కుకు కొట్టుకుపోతుందో మీరే ఊహించుకోండి. వేడి పెరుగుతున్నదని ముందే చెప్పే మీటరు మూగబోతే ఎంత ప్రమాదమో తెలిసింది గదా?

ఇంతకూ ఇంజను మాట మీటరుకు ఎలా చేరుతుంది? పాత పద్ధతిలో ఒక్కొక్క కబురుకు ఒక్కొక్క తీగ ఉండేది. కొత్త పద్ధతిలో ఒకే తీగల వరస పడవ పొడుగునా వెన్నెముకలా పోతుంది. కుళాయి గొట్టాలకు వేసే టీ ముక్కల వంటివి దానికి అక్కడక్కడ తగిలించి, ఒక టీ నుంచి ఇంజనుకు, ఒక టీ నుంచి మీటరుకు, ఒక టీ నుంచి బ్యాటరీకి కొమ్మలు వేస్తారు. ఈ పద్ధతికి ఎన్.ఎమ్.ఇ.ఎ. 2000 అని పేరు. దీనికి మూలం 1986లో జర్మనీలోని బాష్ కంపెనీ మోటారు కార్ల నిమిత్తం ప్రకటించిన క్యాన్ అనే విధానం.

ఆ కేబులులో ఎరుపు, నలుపు తీగలు కరెంటు తెస్తాయి. తెలుపు, నీలం తీగలు కబుర్లు మోస్తాయి. మాట లేనప్పుడు ఈ రెండిటి మీదా రెండున్నర వోల్టులు ఉంటాయి. మాట వచ్చినప్పుడు తెలుపు మూడున్నరకు ఎక్కుతుంది, నీలం ఒకటిన్నరకు దిగుతుంది. మీటరు చూచేది రెండిటి మధ్య తేడాను మాత్రమే. కావడి మోసేవాడు గతుకుల్లో నడిచినప్పుడు రెండు కుండలూ కలిసే ఎగురుతాయి, కావడి ఒరగదు. అలాగే పక్కనున్న యంత్రాల వల్ల కలిగే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడుతుంది గనక తేడా మారదు, మాట చెడదు. ఇలా సెకనుకు రెండున్నర లక్షల గుర్తులు పోతాయి!

వెన్నెముక రెండు చివరలా రెండు బిరడాలు బిగిస్తారు. ఒక్కొక్క దాంట్లో 120 ఓముల నిరోధం ఉంటుంది. చూడటానికి పనికిమాలిన మూతల్లా ఉంటాయి గనక కొత్తగా మోటారు బిగించేవారు వీటిని మరిచిపోతూంటారు. అవి ఎందుకో చెబుతాను. కాలవలో పడవ పోయినప్పుడు అల లేస్తుంది గదా? ఆ అల లాకుల దగ్గరి రాతిగోడను కొట్టుకుంటే వెనక్కు తిరిగి వచ్చి, ఎదురొచ్చే అలలతో కలిసి గందరగోళం చేస్తుంది. తుంగ దట్టంగా పెరిగిన ఒడ్డున అదే అల మెత్తగా అణగిపోతుంది. తీగ చివర ఊరికే వదిలేస్తే అది రాతిగోడ. బిరడా పెడితే తుంగ ఒడ్డు.

ఇప్పుడొక పడవను ఊహించుకుందాం. వసిష్ఠ ఒడ్డున ఒక సరంగుగారు కొత్త మోటారు బిగించుకున్నారు. ఎనిమిదో తరగతి చదివే మనుమరాలు పక్కనే ఉన్నది. తాళం తిప్పారు. ఇంజను గుర్రుమన్నది, మీటరు మటుకు నల్లగా ఉండిపోయింది.

"మీటరు చచ్చింది బాబూ, వేరేది తెప్పించు," అన్నారు సరంగుగారు.

"తొందరపడకండి బాబాయిగారూ, దానికి అన్నం పెట్టామో లేదో చూద్దాం," అన్నాడు మెకానిక్కు.

చాలా మంది, ఇంజను నడుస్తున్నది గనక మీటరుకూ కరెంటు అందుతున్నదనే అనుకుంటారు. అలా కాదు. ఈ వెన్నెముకకు వేరే కొమ్మ వేసి, మధ్యలో ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వాలి. చూస్తే అక్కడ ఫ్యూజే లేదు. ఫ్యూజు వేయగానే మీటరు వెలిగింది. కాని అంకెల చోట అన్నీ అడ్డగీతలే! అంటే మీటరు బతికే ఉన్నది, దానికి కబురు అందటం లేదన్నమాట.

మెకానిక్కు ఇంజను ఆపి, బ్యాటరీ తీగ ఊడదీసి, మీటరు కొమ్మ విప్పి, ఆ టీ దగ్గర తెలుపు నీలం మొనల మధ్య మల్టీమీటరు పెట్టాడు. 120 వచ్చింది.

"ఎంత రావాలండి?" అని అడిగింది పిల్ల.

"అరవై రావాలమ్మా. ఒక తూము తెరిస్తే కొన్ని నీళ్ళు పోతాయి, పక్కనే ఇంకో తూము తెరిస్తే రెట్టింపు పోతాయి గదా? దారులు రెండైతే అడ్డు సగమైపోతుంది. 120 బిరడాలు రెండుంటే 60. ఇక్కడ ఒక్క బిరడాయే కనిపిస్తున్నది."

వెళ్ళి చూస్తే ముందు బిరడా ఉన్నది, వెనక బిరడా ఉన్నది. రెండూ మంచివే. సరంగుగారు మళ్ళీ, "నే చెప్పలా? మీటరే పాడు," అన్నారు.

పిల్ల కాస్సేపు ఆలోచించి, "తాతా, మధ్యలో తీగ తెగిందేమో! అప్పుడు ఎటునుంచి చూచినా ఒకటే బిరడా కనిపిస్తుంది," అన్నది.

సరిగ్గా అదే. అయితే తెగిన చోటు కనుక్కోవటం ఎలా? రెండు పక్కలా 120 చూపిస్తుందే! మెకానిక్కు ముందు బిరడా తీసేశాడు. ముందున్న మొదటి టీ దగ్గర కొలిస్తే అంకె వేలల్లోకి ఎగిరిపోయింది: అటువైపు బిరడాయే లేదన్నమాట. రెండో టీ దగ్గరా అంతే. మూడో టీ దగ్గర 120 వచ్చింది. కాబట్టి తెగింది రెండో టీకీ మూడో టీకీ మధ్యే. పైనున్న బల్ల ఊడదీస్తే, దాన్ని బిగించేటప్పుడు కొట్టిన స్క్రూ ఒకటి కేబులులోకి దిగి కనిపించింది. అది తెల్ల తీగను మాత్రమే తెంపింది. ఎరుపూ నలుపూ బాగానే ఉన్నవి, అందుకే మీటరు వెలిగింది. కేబులు మార్చి, బిరడా మళ్ళీ పెట్టి కొలిస్తే 60. తాళం తిప్పగానే అంకెలు వరసగా వచ్చినై.

వచ్చినవన్నీ నమ్మదగినవేనా? నిండా పోసిన నూనె టాంకు దాదాపు ఖాళీ అని చూపించింది మీటరు! టాంకులో తేలే బెండుకు ఒక నిరోధం తగిలించి ఉంటుంది. అమెరికా పద్ధతి దానికి టాంకు ఖాళీ అయితే 240 ఓములు, నిండితే 33. ఐరోపా పద్ధతిలో ఖాళీకి 10, నిండుకు 180. ఒక పద్ధతి బెండు పెట్టి, మీటరులో రెండో పద్ధతి ఎంచుకుంటే అంతా తలకిందులవుతుంది. నిండు టాంకు ఖాళీ అంటే పెద్ద నష్టం లేదు. ఖాళీ టాంకు నిండుగా ఉన్నదని చెబితే? నన్నడిగితే, మూగ మీటరు కన్నా అబద్ధాల మీటరు చెడ్డది. మూగదాన్ని ఎవరూ నమ్మరు. మీటరులోని పట్టికలో సరైన పద్ధతి ఎంచుకోవటంతో ఈ చిక్కు తీరిపోయింది.

కొన్ని కంపెనీల ఇంజన్లు తమ సొంత భాషలో మాట్లాడతాయి. వాటికీ వెన్నెముకకూ మధ్య ఒక దుబాసీ పెట్టె కావాలి. అది లేకుండా ఎన్ని తీగలు కలిపినా మాట అందదు.

బాగా పనిచేసిన మీటరు నాలుగు నెలల తరవాత వెలుగుతూ ఆరుతూ ఉంటే ఉప్పును అనుమానించాలి. పోటు వేళ సముద్రపు నీరు వసిష్ఠలోకి ఎగదన్నుతుంది. ఆ తడి తగిలిన రాగి మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఒక్కొక్క అతుకునూ మెల్లిగా కదిపి చూస్తే దొంగ దొరుకుతుంది. నలుపు తీగ బ్యాటరీకి కలిసే చోటు మొదట చూడటం మంచిది. పడవలకు తగరం పూత పూసిన రాగి తీగ వాడేది ఈ చిలుము బాధ తప్పటానికే.

మీరు పడవల జోలికి పోకుండా ఇంట్లోనే దీన్ని పరీక్షించవచ్చు. ఎలక్ట్రానిక్సు సామాన్ల కొట్లో 120 ఓముల రెసిస్టర్లు నాలుగైదు కొనుక్కోండి. నాన్నగారినో అన్నయ్యనో అడిగి మల్టీమీటరు సంపాదించండి. రెండు రెసిస్టర్లను పక్కపక్కన పెట్టి, ఇటు కొసలు ఇటూ, అటు కొసలు అటూ మెలిపెట్టి కొలవండి. మూడోది కలిపితే 40 వస్తుంది. బ్యాటరీ గాని, గోడ ప్లగ్గు గాని దీనికి అక్కరలేదు. వాటి దగ్గరికి పోవద్దు.

ఈ నెల ప్రశ్న: ఒక పడవలో పై విధంగా కొలిస్తే 30 ఓములు వచ్చింది. కేబులు ఎక్కడా తెగలేదు, తీగలు ఒకదానికొకటి తగలలేదు. మోటారు బిగించినవారు ఏం చేసి ఉంటారు? జవాబు వచ్చే నెల ఇదే పేజీలో.