వల కట్టని టవర్‌కు ఓసీ ఇవ్వొద్దు

కోకాపేట, నార్సింగి, నానక్‌రామ్‌గూడ సైట్లలో పనిచేస్తున్న అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా! ఆ టవర్లలో ఫ్లాటు కోసం అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న పెద్దలారా!

మొన్న టవర్ 26వ అంతస్తు నుంచి పడిపోయిన కుర్రాడి సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పం. మీకందరికీ తెలుసు. పొద్దుగూకే దాకా శవం మీద పట్టా కప్పి ఉంచారు. రాత్రి షిఫ్టు ఎప్పటిలాగే నడిచింది. తెల్లారి జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. అందులో ఒక్క లైను మాకు గొంతు దిగలేదు. సేఫ్టీ బెల్టు పెట్టుకోకపోవడమే ప్రమాదానికి కారణమట. సైట్‌లో ఎవరో అన్నారు, రిపోర్టరు రాసుకున్నాడు, పంచనామాలోనూ అదే ఎక్కింది. ఒడిశాలో ఉన్న తల్లికి ఫోన్లో చెప్పిందీ అదే మాట. కొడుకు పోయాడని ఒక దెబ్బ, తప్పు వాడిదేనని రెండో దెబ్బ.

ఈ కరపత్రం ఆ ఒక్క లైను గురించే.

26వ అంతస్తులో బయటి గోడ మైవాన్ ప్లేటు (కాంక్రీటుకు పెట్టిన అచ్చు) విప్పేవాడు ఎక్కడ నిలబడతాడో తెలియనివాళ్ళే బెల్టు గురించి ఎక్కువ మాట్లాడుతున్నారు. మాలో ఏళ్ళ తరబడి సెంట్రింగ్ పని చేసినవాళ్ళున్నారు, చెబుతాం వినండి. స్లాబు అంచున, గోడకు ఆనుకుని వేలాడేసిన అడుగున్నర చెక్క మీద నిలబడి సుత్తితో పిన్ను కొట్టాలి, వెడ్జి తీయాలి, ప్లేటును తనవైపు లాక్కోవాలి. అది బిగుసుకుని ఉంటుంది. ఊడితే ఒక్కసారిగా ఊడుతుంది. ఊడినప్పుడు ఆ బరువంతా చేతుల్లోకి వచ్చి మనిషి వెనక్కి తూలుతాడు. వెనకాల ఏమీ లేదు. ఇప్పుడు చెప్పండి, వాడి నడుముకు బెల్టు ఉన్నా కొక్కెం దేనికి తగిలించాలి? తల మీద ఆకాశం తప్ప ఏమీ లేదు, పై అంతస్తు ఇంకా కట్టలేదు. పక్కనున్నవి రేపు పోయబోయే స్తంభం ఇనుప చువ్వలు, అవి కదులుతాయి. ఇక మిగిలింది గోవ పైపు. దాన్ని కూడా మరో గంటలో విప్పేస్తారు. తాము విప్పుతున్న పైపుకే కొక్కెం తగిలించుకుని పనిచేసినవాళ్ళు మాలో ఉన్నారు. సేఫ్టీ ఆఫీసరు ఫోటో తీసుకున్నప్పుడు ఆ బెల్టు బాగానే కనపడుతుంది.

బెల్టు పనిచేయాలంటే కొక్కెం భుజం కంటే పైన, కదలని చోట ఉండాలి. అందుకు స్తంభం నుంచి స్తంభానికి ఇనుప తాడు లాగి బిగించాలి. దాన్ని లైఫ్‌లైన్ అంటారు. దాన్ని బిగించేది కూలీ కాదు. ప్రతి అంతస్తుకూ ఎక్కడ బిగించాలో ఇంజినీరు డ్రాయింగులోనే ఉండాలి, దానికోసం ప్రతి స్లాబుకూ కొంత సమయం పక్కన పెట్టాలి. ఆ సమయమే ఎవరూ ఇవ్వరు. వారానికో స్లాబు లేవాలి. స్లాబు లేస్తేనే బ్యాంకు నుంచి, కొనుగోలుదారు నుంచి తర్వాతి విడత డబ్బు వస్తుంది.

పైన తగిలించే చోటు లేక కాళ్ళ దగ్గర కొక్కెం తగిలించినవాడు పడితే, తాడు పూర్తిగా సాగి ఆగేసరికి దాదాపు రెండంతస్తుల లోతు జారతాడు. ఈలోపు గోడ అంచో, కింది అంతస్తు బ్రాకెట్టో తగులుతుంది. నడుం బెల్టు ఒక్కటే అయితే ఆ కుదుపుకు లోపలి అవయవాలు, వెన్నెముక దెబ్బతింటాయి. అందుకే ఒళ్ళంతా పట్టి ఉంచే హార్నెస్ కావాలంటారు. అదీ ఉందనుకుందాం. గాల్లో వేలాడుతున్నవాడి తొడల దగ్గర పట్టీలు బిగుసుకుపోయి, రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. వాణ్ని పైకి లాగడానికి సైట్‌లో ఎవరికి శిక్షణ ఉంది? ఏ కప్పీ, ఏ తాడు సిద్ధంగా ఉంది? మేము పనిచేసిన చోట్ల ఆ ప్రశ్న అడిగితే ఒకడు మేస్త్రీ మొహం చూశాడు, మేస్త్రీ ఇంజినీరు మొహం చూశాడు.

26వ అంతస్తు నుంచి నేలకు నాలుగు సెకన్లు. ఆ కుర్రాణ్ని కాపాడగలిగినవి రెండే. అంచున నడుమెత్తు కమ్మీ, కింద వల. అవి రెండూ అక్కడ లేవు. అవి లేవని ఏ పేపరూ రాయలేదు.

పడకుండా ఆపే ఏర్పాటు ముందు, పడ్డవాణ్ని పట్టుకునే ఏర్పాటు తర్వాత. మనిషి ఒంటికి కట్టేదాని కంటే అందరినీ ఒకేసారి కాపాడేది ముందు. బ్రిటన్‌లో ఎత్తు మీద పని గురించి 2005లో చేసిన నిబంధనల్లో ఈ వరుస స్పష్టంగా ఉంది. మన దగ్గర నిబంధన లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద కేంద్రం 1998లో చేసిన నిబంధనల్లో క్యాచ్ ప్లాట్‌ఫాం, బెల్టు, వలల గురించే ఒక అధ్యాయం ఉంది. 15 మీటర్లు, ఆ పైన ఎత్తు లేచే ప్రతి భవనం చుట్టూ కింద కనీసం 2 మీటర్ల వెడల్పు రక్షణ కప్పు ఉండాలని కూడా ఉంది. అయిదంతస్తుల ఇంటికే వర్తించే నిబంధన అది. మీ వీధిలో కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గరకు వెళ్ళి ఒకసారి తలెత్తి చూడండి.

వల కొత్త సంగతి కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర గోల్డెన్ గేట్ వంతెన 1933లో మొదలై 1937లో పూర్తయింది. ఆ రోజుల్లో పెద్ద వంతెన కడితే ప్రతి పది లక్షల డాలర్ల ఖర్చుకూ ఒక ప్రాణం పోతుందని ముందే లెక్క వేసుకునేవారు. చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ ఆ లెక్క ఒప్పుకోలేదు. 1,30,000 డాలర్లు పెట్టి వంతెన కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వల కట్టించాడు. ఆ వలలో పడి 19 మంది బతికారు. వల ఉందన్న ధైర్యంతో కూలీలు చకచకా కదిలారు, పని వేగం పెరిగింది. 1937 ఫిబ్రవరిలో టన్నుల బరువున్న పని వేదిక విరిగిపడి వల చిరిగింది, 10 మంది సముద్రంలో పడి చనిపోయారు. ఆ పది మందిని చూపించి వల దండగ అనేవాళ్ళకు బతికిన 19 మంది లెక్కలోకి రారు. మనం మాట్లాడుతున్నది దాదాపు తొంభై ఏళ్ళ కిందటి సంగతి. అప్పుడు వాళ్ళకు దొరికిన వల ఇప్పుడు మనకు దొరకదా? వలకు మన భారతీయ ప్రమాణమే ఉంది, ఐఎస్ 11057. బజారులో అమ్ముతున్నారు.

ఖర్చు అంటారు. ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది? 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఆ నేల మీద లేచే టవర్‌లో ఒక్కో ఫ్లాటు కోట్లు పలుకుతుంది. ఆలస్యం అంటారు. మనిషి పడ్డ రోజు కూడా ఆగని పనికి వల కట్టే పూట ఆలస్యమా? కూలీలు తాగి వస్తారంటారు. తాగినవాడు గేటు దగ్గరే కనపడతాడు. వాణ్ని లోపలికి పంపినవాడు ఎవడు? వాళ్ళు మన రాష్ట్రం వాళ్ళు కారంటారు. ఇది అన్నింటికంటే నీచమైన మాట. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వాళ్ళలో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు. గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి డ్యాములు కట్టింది పాలమూరు జనం. నాగార్జునసాగర్‌లో 124 మీటర్ల ఎత్తు రాతికట్టడం 1955 నుంచి 1967 దాకా కూలీల భుజాల మీద లేచింది. ఈ రోజు ఒడిశా, బిహార్, జార్ఖండ్ పిల్లలు ఇక్కడ చేస్తున్నది నిన్న మనవాళ్ళు చేసినదే.

ఇక చట్టం సంగతి. 1996 చట్టం కింద భద్రతా నిబంధనలు ఉల్లంఘిస్తే జరిమానా గరిష్ఠంగా 2,000 రూపాయలే ఉండేది. మేస్త్రీకి రెండు రోజుల కూలీ. మూడు నెలల వరకు జైలు కూడా ఉండేది. మాకు తెలిసిన బిల్డర్లలో దానికి భయపడినవాడు ఒక్కడూ లేడు. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్‌లో మరణం సంభవిస్తే రెండేళ్ళ వరకు జైలు లేదా కనీసం 5 లక్షల జరిమానా. పోలీసు కేసు ఉంటుంది, నిజమే. మేము చూసిన ప్రతి కేసులోనూ ఎఫ్ఐఆర్‌లో ఎక్కిన పేరు సబ్‌కాంట్రాక్టరుదో, సూపర్‌వైజరుదో. హోర్డింగు మీద కనపడే పేరు ఎఫ్ఐఆర్‌లో కనపడదు.

నష్టపరిహారం దగ్గర జరిగేది పచ్చి దోపిడీ. 25 ఏళ్ళవాడు పనిలో చనిపోతే, నెల కూలీ 15,000 మాత్రమే అని లెక్కగట్టినా, చట్టప్రకారం కుటుంబానికి రావాల్సింది 16 లక్షల పైన. అసలు యజమాని కూడా దానికి బాధ్యుడే. కానీ మార్చురీ బయట ఏం జరుగుతుందో మాకు తెలుసు. భాష రాని తండ్రిని పక్కకు తీసుకెళ్ళి, మూడు లక్షలో నాలుగు లక్షలో చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుని, అంబులెన్సు ఎక్కించి పంపేస్తారు. ఊరు చేరేలోపు కేసు చల్లారుతుంది. సెస్సు పేరుతో నిర్మాణ ఖర్చులో 1 శాతం సంక్షేమ బోర్డుకు వెళ్తుంది. ఆ బోర్డు కార్డు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు చూపించాలి. ఆరు నెలలకో రాష్ట్రం మారేవాడికి ఆ కాగితం ఎవడిస్తాడు?

అందుకే మేము జరిమానా పెంచమని అడగడం లేదు. ఇన్‌స్పెక్టర్లను పెంచమని కూడా ఈ కరపత్రంలో అడగడం లేదు. బిల్డరు నిజంగా భయపడే కాగితం ఒక్కటే ఉంది. అది ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. అది లేనిదే శాశ్వత కరెంటు, నీళ్ళ కనెక్షను ఇవ్వకూడదు. హైదరాబాద్‌లో 2006లో జీవో 86తో ఎంత స్థలానికి ఎంత కట్టాలనే పరిమితి ఎత్తేశారు. నేల మీది నుంచి ఎంత పైకైనా పొమ్మన్నారు. అలా పొమ్మన్నప్పుడు కూడా ప్రభుత్వం ఒక పట్టు ఉంచుకుంది. అనుమతి ఇచ్చేటప్పుడే కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతం తనఖాగా రాయించుకుంటుంది. ప్లాను తప్పి కడితే, సెట్‌బ్యాక్ మింగేస్తే ఆ 10 శాతం విడుదల కాదు, ఓసీ రాదు.

సెట్‌బ్యాక్‌లో రెండడుగుల నేల కోసం తనఖా పెట్టించుకున్న ప్రభుత్వం మనిషి ప్రాణం కోసం ఎందుకు పెట్టించుకోదు? ఈ ప్రశ్నకు ఒక్క అధికారి జవాబు చెప్పమనండి. కొత్త చట్టం అక్కర్లేదు, శాసనసభ అక్కర్లేదు. తనఖా ఉంది, ఓసీ ఉంది, ప్లాను చూసే ఇంజినీరు ఉన్నాడు. ఆ ఇంజినీరు ఇప్పుడు గోడ ఎంత దూరంలో ఉందో కొలుస్తున్నాడు. అదే సైట్‌లో తలెత్తి వల ఉందో లేదో చూడాలి. ప్రతి స్లాబుకూ ముందు కింది అంచున కమ్మీ, వల, లిఫ్టు గుంతలకు గట్టి మూతలు ఉన్నట్టు ఫోటోతో సహా రికార్డు చేయాలి. లిఫ్టు గుంత మీద ప్లైవుడ్ ముక్క కప్పి వదిలేయడం మూత కాదు, ఉచ్చు. సైట్‌లో మరణం జరిగితే, విచారణ పూర్తయి, కుటుంబానికి పూర్తి పరిహారం బ్యాంకు ఖాతాలో పడేదాకా ఆ 10 శాతం కదలకూడదు.

ఫ్లాటు కొనేవారికి ఒక మాట. మీకోసం రెరా చట్టం ఉంది. మీరు కట్టిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. నిర్మాణంలో లోపం బయటపడితే అయిదేళ్ళ దాకా బిల్డరే బాగుచేయాలి. ఆ రక్షణ మీకు ఉండాల్సిందే, మేము కాదనడం లేదు. ఆ గోడ కట్టినవాడికి ఒక్క రోజు హామీ కూడా లేదన్నదే మా బాధ. సైట్ చూడటానికి వెళ్ళినప్పుడు మోడల్ ఫ్లాటులో టైల్స్ చూసి రాకండి. బయటకు వచ్చి పైకి చూడండి. వల కనపడకపోతే ఎందుకు లేదని సేల్స్ ఆఫీసులో అడగండి, రాతపూర్వకంగా జవాబు కావాలనండి. పది మంది కొనుగోలుదారులు అడిగితే మరుసటి వారం వల వస్తుంది. మేము వంద మంది అడిగితే మా పేర్లు మస్టర్ నుంచి పోతాయి.

కార్మికులకు ఒక మాట. కమ్మీ లేని అంచు మీదికి ఒంటరిగా ఎక్కొద్దు. ఎక్కనని ఒక్కడే అంటే వాడి పని పోతుంది. గ్యాంగు మొత్తం అంటే పోదు. మేస్త్రీలారా, ముందు మీరే అనాలి. కుర్రాళ్ళను ఊరి నుంచి తీసుకొచ్చింది మీరు. వాళ్ళ తల్లిదండ్రులకు మాట ఇచ్చింది మీరు.

భవన నిర్మాణ నిబంధనల్లో ఒక్క నిబంధన చేర్చమని మున్సిపల్ కమిషనర్‌కు, హెచ్‌ఎండీఏకు అర్జీ పెడుతున్నాం: ఎత్తయిన భవనంలో వల, కమ్మీ లేకుండా లేచిన ప్రతి అంతస్తునూ ప్లాను ఉల్లంఘనగానే లెక్కగట్టాలి, అలాంటి భవనానికి ఓసీ ఆపాలి. అర్జీ కాగితాలు అన్ని లేబర్ అడ్డాల దగ్గరా ఉన్నాయి. సంతకం చేయండి. చదువు రానివారు వేలిముద్ర వేయండి.